మార్చిన మిషన్

“అది మా అన్న గడియారమే. నిన్ననే ఠాణాల చెప్పొచ్చిన. మల్ల దాన్ని ఇప్పి చూసుడెందుకు మామా?”

పొద్దుటి నుంచి యాదగిరి నోట అదే మాట. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తడిసిన చొక్కా కూడా మార్చుకోలేదు.

సారంగపాణి స్టూలు మీద తెల్ల రుమాలు పరిచి గడియారాన్ని దాని మీద పెట్టాడు. వరంగల్ చౌరస్తాలోని తన గడియారాల దుకాణం నుంచి తెచ్చుకున్న తోలు సంచి తాడు విప్పబోయాడు. ముడి రావడం లేదు.

బయట ముసురు. కాజీపేట రైల్వే క్వార్టర్ల మీద తెరిపి లేకుండా కురుస్తోంది.

“కానియ్ సేటు,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ మొండయ్య. అతను డోర్నకల్ నుంచి వచ్చాడు. ఇనుప కుర్చీలో కూర్చుని తడిసిన టోపీని మోకాలి మీద ఆరబెట్టుకున్నాడు. “గడియారాల సంగతి ఎర్కున్నోని మాట గూడ ఒకటి రాయించుకరమ్మన్నడు మా ఎస్సై. ఎవరిది, ఎంత ధర చేస్తది, గంతే. మల్ల నేను బండి అందుకోవాలె.”

డోర్నకల్ అవతల వాగులో ఒక శవం కొట్టుకొచ్చింది. ముఖం ఆనవాలు పట్టే స్థితి లేదు. అక్కడే పూడ్చేశారు. ఆ చేతికి ఉన్న గడియారం మాత్రం మిగిలింది. శివరాత్రి మర్నాడు డ్యూటీకని ఇంట్లోంచి వెళ్లి మళ్లీ రాని మల్లికార్జున్ చేతికి అలాంటి గడియారమే ఉండేది. మల్లికార్జున్ ఈ ఇంటి పెద్దకొడుకు, లోకో షెడ్‌లో ఫిట్టరు, సారంగపాణికి అల్లుడు.

“నా కొడుకు సావలే,” అంది లక్ష్మీనర్సమ్మ.

ఆమె లోపలి గుమ్మంలో కూర్చుని ఉంది. నిన్న ఓదార్చడానికి వచ్చిన పక్క క్వార్టర్ల ఆడవాళ్లను ఈ గుమ్మం దాటనివ్వలేదు. బతికున్నవాడికి ఏడుపులేందని తిట్టి పంపింది.

“అవ్వా, నువ్వు జర ఊకో.”

“ఎందుకు ఊకోవాలెర? గడియారం దొరికితే మనిషి సచ్చినట్టేనా? తోడబుట్టినోనివి, నీకు నోరెట్ల వచ్చింది అన్న సచ్చిండని చెప్ప?”

“మరి ఏం చెయ్యమంటవ్?” యాదగిరి గొంతు పెరిగింది. “మనిషి సచ్చిండని రుజువు లేకపోతె ఏడేండ్లు ఆగాలెనంటాండ్లు ఆఫీసోళ్లు. ఏడేండ్లు మనల్ని ఈ క్వార్టర్ల ఉండనిస్తరా? ఎక్కడికి పోదాం? నాకైతె ఆ బట్టల దుకాణంల తాన్లు మడత వెట్టుడు తప్ప ఇంకోటి రాదు. రుజువైతె వదినెకు నౌకరి ఇస్తరు. నేను నాకియ్యిమంటలేను. వదినెకే.”

“దానికి నౌకరా?”

లక్ష్మీనర్సమ్మ వంటింటి వైపు తిరిగి ఆ మాట అంది.

“వాణ్ని ఇంట్ల నిలువనియ్యక ఎల్లగొట్టిందానికి నౌకరా? మొగనితోని నవ్వుకుంట ఒక్కమాట మాట్లాడిందా అది? మూగదాని లెక్క ఉంటె ఏ మొగోడు ఉంటడు?”

వంటింట్లో కిరసనాయిలు స్టవ్ చప్పుడు ఆగిపోయింది.

సారంగపాణి తల ఎత్తలేదు. తన బిడ్డ గురించి తన ఎదుటే అన్న మాట. ఇంకో సందర్భమైతే లేచి నిలబడేవాడే. ఇప్పుడు ముడి విప్పడం మీదే చూపు నిలిపాడు. ముడి వచ్చింది.

కంటికి అద్దం బిగించుకుని గడియారాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

పక్కన రెండు బటన్లు, ముఖంలో రెండు చిన్న ముఖాలు, చుట్టూ సన్నటి అంకెలు. ఒక బటన్ నొక్కితే పెద్ద సెకన్ల ముల్లు పరుగెత్తేది, మరోటి నొక్కితే నిలిచిపోయేది. గూడ్సు బండి గార్డుగా చేసిన రాజమల్లు, మల్లికార్జున్ తండ్రి, బ్రేక్ వ్యానులో కూర్చుని మైలు రాళ్ల మధ్య బండి వేగం దీంతోనే చూసుకునేవాడు. చనిపోయేముందు దాన్ని పెద్దకొడుకు చేతికి కట్టాడు.

సంబంధం ఖాయం కాకముందే ఆ గడియారం సారంగపాణికి తెలుసు. ఒకనాడు రాజమల్లు దుకాణానికి వచ్చి, దీని ధర ఎంత చేస్తుందో చెప్పమన్నాడు. ముఖం మీద ‘కోర్వెన్’ అని ఉంది. సారంగపాణి ఆ పేరు ఎప్పుడూ వినలేదు. దగ్గరున్న పాత క్యాటలాగులన్నీ తిరగేశాడు. బొంబాయి వ్యాపారులను అడిగాడు. ఆ పేరు మీద స్విట్జర్లాండుకు ఉత్తరం రాస్తే, అలాంటి కంపెనీ లేదని తిరిగొచ్చింది. చివరికి ఆబిడ్స్‌లో ఒక ముసలి పార్సీ వ్యాపారి చెప్పాడు. అలాంటి పేర్లు వందలుండేవట. చిన్నచిన్న తయారీదార్లు పెద్ద కంపెనీల దగ్గర లోపలి మిషన్లు కొనుక్కుని, పై కేసుల్లో బిగించి, ఎవరు ఆర్డరిస్తే వాళ్ల పేరు ముఖం మీద అచ్చు వేయించేవారట. యుద్ధానికి ముందో తర్వాతో అందరూ మూసేశారట.

అప్పటి నుంచి సారంగపాణికి అదొక పిచ్చి అయింది. పేరులేని రెండు బటన్ల గడియారం ఎవరు తెచ్చినా ముందు మూత తెరిచేవాడు. పేరు చూసి ధర కట్టేవాడు మోసపోతాడు, లోపల చూసి కట్టాలి అనేవాడు. రాజమల్లుకు కూడా అదే చెప్పాడు: “బజార్ల దీన్ని ఎవడూ గుర్తువట్టడు బావా. గని లోపల మిషన్ బంగారం. అమ్మకు.”

ఆ మాట మీదనే ఇద్దరికీ స్నేహం కుదిరింది. తర్వాత వియ్యమూ కుదిరింది. అల్లుడిని చూసినప్పుడు మాత్రం లోపల ఏముందో చూసే అద్దం ఎవరి దగ్గరా లేకపోయింది.

కత్తి మొనతో వెనక మూత లేపాడు. వాగు నీటి వాసన వచ్చింది.

మూత లోపలి వైపు తుప్పు తుడిచాడు. తుడుస్తున్నకొద్దీ సన్నటి గీతలు బయటపడ్డాయి. ఏ గడియారం శుభ్రం చేసినా మూత లోపల సూదితో గీసిపెట్టడం అతని అలవాటు. ‘సా’ అన్న అక్షరం, పక్కన ఏడాది, ఎనభై. పోయిన దసరాకు అల్లుడు తెచ్చి ఇస్తే తనే శుభ్రం చేశాడు.

సారంగపాణి వేలు ఆ గీత మీదే ఆగిపోయింది.

“ఏంది అన్నా?” లక్ష్మీనర్సమ్మ అడిగింది. ఆమె అతని చేతులు కాదు, ముఖమే చూస్తోంది. “ఏమున్నది దాంట్ల? ఎందుకు మాట్లాడవు?”

“ఆగు చెల్లె.”

అద్దం సర్దుకుని మళ్లీ వంగాడు. ఈసారి మిషన్ చూశాడు. తుప్పు గీరాడు. బటన్లు దూరే రంధ్రాల దగ్గర వేలిగోరు పెట్టి తడిమాడు. ముళ్లు తీసి, ముఖాన్ని మెల్లగా పైకి లేపబోతే అది లేవలేదు. అతికించి ఉంది.

అద్దం తీసి రుమాలు మీద పెట్టాడు.

“మాదేనా కాదా? ఒక్క మాట చెప్పు మామా,” అన్నాడు యాదగిరి.

“జర గొంతు తడుపుకోని వస్త,” అని సారంగపాణి లేచాడు.

వంటింట్లో శారద ఆరిపోయిన స్టవ్ ముందు కూర్చుని ఉంది. గిన్నెలో చాయ్ నీళ్లు సగం కాగి నిలిచిపోయాయి. తండ్రిని చూసి చెంబు అందించింది.

“మనదేనా బాపూ?”

“కేసు మనదే. నా గీత ఉన్నది.”

చాలా దూరం మోసుకొచ్చిన బిందెను దించినట్టు ఆమె ఊపిరి వదిలింది. ఆ ఊపిరి విని సారంగపాణికి భయం వేసింది.

“అయితె రాసియ్యి,” అంది.

“ఆగు బిడ్డా. కేసు మనది గని, లోపల మిషన్ మనది గాదు. దసరాకు నేను కడిగినప్పుడు ఉన్న మిషన్ వేరు. దానికి మీది బటన్ నొక్కితే నడుస్తది, కింది బటన్ నొక్కితే ఆగుతది. గిప్పుడున్నదానికి నడుసుడు, ఆగుడు రెండూ మీది బటన్ తోనే. దీన్ని ఇరికియ్యడానికి కేసును ఆకురాయితోని రాకిండ్రు. డయల్ ఎనక ఉండే కాళ్లు కోసి గమ్ముతోని అతికిండ్రు. ఇది దుకాణమోళ్లు చేసే పని. పేరున్న గడియారం ఏదన్న మిషన్ చెడిపోయి ఉంటె, పేరులేని దాంట్ల నుంచి మంచిది తీసి దాంట్ల వెడ్తరు. ఇగ ఈ పేరులేని దాంట్ల ఏది దొరికితె అది కుక్కి అమ్ముతరు.”

శారద గిన్నెలోని నీళ్ల వైపు చూస్తోంది.

“అంటె దసరా తర్వాత ఈ గడియారం మన అల్లుని చేతిలకెల్లి పోయింది. అమ్ముకున్నడో, ఎవడన్న గుంజుకున్నడో. దుకాణంల మిషన్ మారింది. ఆ తర్వాత ఇంకెవడో కొనుక్కున్నడు. వాగుల పోయినోడు వాడే గావచ్చు.”

“గావచ్చు అంటె ఖరారు గాదు గద. మూత మీద నీ గీత ఉన్నదని రాయి. అబద్ధం గాదు గద అది.”

“శారదా!”

“జర మెల్లగ బాపూ. అత్తమ్మ వింటది.”

అతను గోడ పక్కన పీట మీద కూర్చున్నాడు. బిడ్డ ముఖం చూశాడు. ఏడ్చిన జాడ లేదు. కళ్ల కింద నలుపు మాత్రం ఉంది.

“నౌకరి కోసమా?”

“దానికోసం గూడ. ఎందుకు గాదనాలె? నాకొక తొవ్వ వద్దా?”

“మరి రేపు వాడొచ్చి వాకిట్ల నిలవడితె? నా సంతకం సంగతి ఇడువు. నీ బతుకు ఏంగావాలె?”

“రాడు.”

“నీకెట్ల ఎర్క?”

ఆమె గిన్నె మీద మూత పెట్టింది. తీసింది. మళ్లీ పెట్టింది.

“వచ్చి పోయిండు,” అంది.

సారంగపాణికి మొదట అర్థం కాలేదు.

“ఎండకాలంల వచ్చిండు. అత్తమ్మ మిరపకాయలకని వరంగల్ పోయింది. యాదగిరి దుకాణంల ఉన్నడు. మిట్టమధ్యాహ్నం ఎనక తలుపు కొట్టిండు. తన ఐటీఐ సర్టిఫికెట్లు పెట్టెల ఉండె, వాటికోసం వచ్చిండు. బల్లార్షల ఎవరో కంత్రాటుదారు దగ్గర పని చేస్తాండట. ఇల్లు గూడ తీసుకున్నడట. ఒక్కడు గాదు.”

“ఎవరున్నరు?”

“నేను అడుగలే. ఆయన చెప్పలే. ‘ఇల్లు తీసుకున్నం’ అన్నడు. తీసుకున్న అనలే.”

సారంగపాణి పీటను ఆమెకు దగ్గరగా జరుపుకున్నాడు.

“అన్నం వెట్టిన,” అంది శారద. “ఎందుకు వెట్టిన్నో నాకే తెల్వదు. ఆకలిగొన్నోని లెక్క తిన్నడు. చెయ్యి కడుగుతాంటె చూసిన, చేతికి గడియారం లేదు. మీ బాపు ఇచ్చిన గడియారమేది అన్న. అమ్మిన అన్నడు, సికింద్రాబాద్ల. పోయేటప్పుడు తలుపు దగ్గర నిలవడి, అవ్వకు చెప్పకు, సచ్చిండనుకోండి అన్నడు.”

ఆమె తండ్రి వైపు తిరిగింది.

“ఆయనే చెప్పిండు బాపూ. సచ్చిండనుకొమ్మని.”

సారంగపాణి చెంబు కింద పెట్టాడు. చేయి బిడ్డ తల మీద వేద్దామని లేపి, వేయలేక ఆగిపోయాడు.

“నాకెందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె? మీ అల్లుడు ఇంకో ఇల్లు పెట్టుకున్నడు, నన్ను తోల్కపో అని చెప్పాల్నా? ఇప్పటికే నేను ఎల్లగొట్టిన్నంటాంది అత్తమ్మ. నిజం తెలిస్తె అదే ఖాయం చేసుకుంటది. నువ్వు పోయి ఆయన కాళ్లు వట్టుకొని తెస్తనంటవు. నాకు అది వద్దు. ఆయన వద్దు.” ఆమె గిన్నెను పక్కకు నెట్టింది. “ఆయన సచ్చిండంటె నలుగురు నన్ను చూసి అయ్యో అంటరు. ఇడిసిపెట్టి పోయిండంటె నాలోనే ఏదో లోపమున్నదంటరు. నువ్వు గాదని రాస్తె నేనిట్లనే ఉండాలె. అటు ముత్తైదను గాదు, ఇటు గాదు.”

అతని దగ్గర ఉన్నదల్లా ఒకే ఒక మాట. అది చెప్పడానికి చాలా కష్టపడ్డాడు.

“వాగుల పోయినోనికి గూడ ఒక ఇల్లుంటది బిడ్డా. వాని అవ్వ గూడ గడపల కూసోని తొవ్వ చూస్తాంటది. నేను సంతకం పెడితె వాడు మల్లికార్జున్ పేరు మీద మట్టిల పోతడు. ఇగ వాణ్ని ఎవ్వడూ వెతుకడు.”

“వాళ్లెవరో మనకేం ఎర్క?”

“ఎర్క లేదు. అందుకే పెట్టలేను.”

శారద స్టవ్ వైపు తిరిగి అగ్గిపెట్టె తీసుకుంది. పుల్ల గీస్తే తడికి వెలగలేదు.

“నువ్వు చెప్పింది నా నోట రాదు,” అన్నాడు సారంగపాణి లేస్తూ. “అది నీ మాట. చెప్పుకుంటె నువ్వే చెప్పుకోవాలె.”

ఆమె ఇంకో పుల్ల గీస్తూ ఉంది.

ముందు గదిలోకి వచ్చేసరికి ముగ్గురూ అతని వైపే చూశారు.

అతను స్టూలు దగ్గర కూర్చుని, మూతను మొండయ్య ముందు పెట్టి తన గీత చూపించాడు. యాదగిరి ముందుకు వంగాడు. “నేను చెప్పలేదా!” అన్నాడు. ఆ గొంతులో గెలుపు లేదు, ఏడుపే ఉంది. లక్ష్మీనర్సమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“పూర్తిగ ఇనున్రి,” అన్నాడు సారంగపాణి. లోపలి మిషన్ చూపించాడు. ఆకురాయి గీతలు చూపించాడు. అతికించిన ముఖం చూపించాడు. వంటింట్లో బిడ్డకు చెప్పినట్టే మళ్లీ చెప్పాడు. బిడ్డ తనకు చెప్పింది తప్ప అన్నీ చెప్పాడు.

“కేసు మా అల్లునిదే. గని ఇది ఆయన చేతినుంచి పోయి, దుకాణంల మిషన్ మారి, ఇంకోని చేతికి వచ్చినట్టున్నది. పోయినోడు మల్లికార్జున్ అని నేను రాయలేను జమేదార్ సాబ్.”

“మరి ఎవడు?”

“నాకు తెల్వదు.”

మొండయ్య మోకాలి మీది టోపీ తీసి పక్కన పెట్టాడు. “ధర?”

“దసరానాడు అడిగితె చెప్పేటోణ్ని. ఇప్పుడు దీనికి ధర లేదు. కేసుకు మిషన్ గాదు, మిషన్‌కు డయల్ గాదు.”

“నువ్వు అల్లుడని గిట్ల చెప్తాన్నవేమో సేటు?”

“అల్లుడనుకుంటె మీకు వేరే తీరుగ చెప్తుంటి,” అన్నాడు సారంగపాణి. ఆ మాటలోని చేదు ఎవరికీ అందలేదు.

యాదగిరి గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాడు. “అయితె ఏడేండ్లు,” అన్నాడు తనలో తాను.

“ఏడేండ్లెందుకయ్యా?” మొండయ్య అన్నాడు. “గిట్ల మిషన్లు మార్చేటోళ్లు అన్ని జాగలల్ల ఉండరు గద. ఎక్కడుంటరు సేటు?”

సారంగపాణి తటపటాయించాడు. ఇది దాచడం చేతకాలేదు. “రెండు బటన్లవి పట్టేటోళ్లు ఈ దిక్కు తక్కువ. సికింద్రాబాద్ల నలుగురైదుగురు ఉంటరేమో.”

“గంతే గద! రేపు నువ్వు నాతోని రా. ఈ గడియారం అమ్మినోడు ఎవడు, కొన్నోడు ఎవడు, వాళ్లే చెప్తరు. నాకు సచ్చినోని పేరు దొరుకుతది. మీకు బతికున్నోడు దొరుకుతడు.”

లక్ష్మీనర్సమ్మ లేచింది. మోకాళ్ల నొప్పులతో గోడ పట్టుకుని లేచే మనిషి, ఏదీ పట్టుకోకుండా లేచింది.

“ఇన్నవార యాదగిరీ? బతికున్నడు! నేను అనలే? కన్నకడుపు నాది, నాకు తెల్వదా?”

దేవుడి గూటి దగ్గరికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. “శారదా! ఓ శారదా!” అని పిలిచింది. శారద వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“దా బిడ్డా.”

పెళ్లయిన నాటి నుంచి ఆమె కోడలిని బిడ్డా అని పిలవడం ఇదే మొదలు. చేయి పట్టుకుని ముందుకు లాక్కొచ్చింది.

“నిన్ను ఎన్నో మాటలన్న. మనసుల వెట్టుకోకు. కొమురెల్లి మల్లన్న పేరు పెట్టుకున్న కొడుకు వాడు, వానికేమైతది? దొరికిన్నాడు మల్లన్నకు ముగ్గుల పట్నం ఏపిస్త. అప్పటిదాంక ఒంటిపూటే తింట. నువ్వు ఎక్కడికీ పోకు. ఇద్దరం గలిసి తొవ్వ చూద్దాం. ఏడేండ్లయితె ఏడేండ్లు. మనోడు ఎక్కడ ఏం తింటాండో, ఎవరు పెడ్తాండ్లో…”

ఆమె వేలు కోడలి నుదుటిని తాకింది. శారద తల పక్కకు తిప్పుకుంది. కుంకుమ కనుబొమ్మ మీదికి సాగింది.

“సికింద్రాబాద్ పోవుడు వద్దు జమేదార్ సాబ్,” అంది శారద.

సారంగపాణి కళ్లు మూసుకున్నాడు.

“ఆయన బల్లార్షల ఉన్నడు. గడియారం అమ్మింది ఆయనే. నాతోని చెప్పిండు.”

మొండయ్య చేతిలోని గడియారం మూత కిందపడి చప్పుడైతే, అతను తీయడానికి కూడా వంగలేదు. యాదగిరి వదినె ముఖంలోకి చూశాడు. అతనికి కోపం రావాలి, రాలేదు.

“ఎప్పటి సంది ఎర్క నీకు?” అంది లక్ష్మీనర్సమ్మ. బల్లార్షలో ఏం చేస్తున్నాడని అడగలేదు. ఎలా ఉన్నాడని అడగలేదు.

“ఎండకాలం సంది, అత్తమ్మా.”

“ఎండకాలం సంది.” ఆమె ఆ మాట మెల్లగా అనుకుంది. “నేను దినాం పొద్దుగూకంగ టేషన్‌కు పోయి, వచ్చిన ప్రతి బండిల కిటికీల పొంటి మొఖాలు చూసుకుంట తిరుగుతాంటి. కాళ్లు గుంజుతాంటె ఇంటికొచ్చి పడుతుంటి. నువ్వు నాకు కాళ్లు పిసికినవు. అన్నం వెట్టినవు. నేను వాని పేరు చెప్పి ఏడుస్తాంటె పక్కన కూసున్నవు. ఎట్ల కూసున్నవే?”

శారద అత్త కాళ్ల వైపు చూసింది.

“ఒక్కడే ఉన్నడా?”

శారద తల అడ్డంగా ఊపింది.

లక్ష్మీనర్సమ్మ భరిణె మూత పెట్టింది. లోపలికి పోయి చేతిసంచితో వచ్చింది. అందులో ఒక చీర మూల బయటికి వేలాడుతోంది. గడప దగ్గర చెప్పులు వెతుక్కుంది.

“యాడికవ్వా? ఆగు, నేను గూడ వస్త,” యాదగిరి లేచాడు.

“నువ్వద్దు. బతికున్నోణ్ని సచ్చిండని చెప్పొచ్చినోనివి నువ్వు.” ఆమె కొడుకు వైపు చూడనైనా లేదు. “నాకు కొడుకులూ వద్దు, కోడండ్లూ వద్దు. నేనే పోత. వాణ్ని నా కండ్లతోని చూస్త. ఉత్తరం దిక్కు పోయే బండి ఏదైనా సరె.”

“చెల్లె, వానల…” అన్నాడు సారంగపాణి.

ఆమె వాకిట్లోకి దిగింది.

యాదగిరి గుమ్మంలోనే ఆగిపోయాడు. తల్లి అన్న మాట అతన్ని అక్కడే నిలిపేసింది. మొండయ్య వంగి మూత తీసుకుని, గడియారాన్ని రుమాలుతో సహా కవరులో వేసుకున్నాడు. “ఇప్పటికైతె గుర్తు తెల్వని మనిషి అనే రాసుకుంట,” అని సణిగి, టోపీ పెట్టుకున్నాడు.

సారంగపాణి బిడ్డ దగ్గరికి వచ్చాడు. ఈసారి తల మీద చేయి వేశాడు.

“నడువు బిడ్డా, మనింటికి పోదాం. ఇగ ఇక్కడ నీకేం పని?”

శారద వాకిలి అవతలికి చూస్తోంది. ముసురులో అత్త గేటు దాటుతోంది.

“ఆ ఊర్ల ఎవరినడుగుతది బాపూ? ఏ గల్లికి పోతది?”

“నీకు మాత్రం ఎర్కనా?”

“లేదు.”

“మరి?”

ఆమె తలుపు వెనక మేకుకు వేలాడుతున్న గొడుగు తీసుకుంది. కనుబొమ్మ మీది కుంకుమ కూడా తుడుచుకోకుండా వాకిట్లోకి దిగింది.

స్టేషన్ దారి మలుపులో అత్తను అందుకుంది. పక్కన నడుస్తూ గొడుగు ఆమె తల మీదికి చాపింది.

లక్ష్మీనర్సమ్మ తల తిప్పలేదు. గొడుగు కిందినుంచి పక్కకు జరిగి, వానలోనే నడిచింది.